నీడవల నారుమడిలో గాలి లెక్క: పశ్చిమ కర్నూలు పరిస్థితులలో బాష్పపీడన లోటు వినియోగం

దేవరగట్టు అనగానే దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవమే అందరికీ స్ఫురిస్తుంది. ఆ కొండ చుట్టూ ఉన్న హొళగుంద, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలు పత్తి, వేరుశనగ, ఉల్లి, మిరప పండే మెట్ట భూములు. ఇక్కడ కూరగాయలు, మిరప వేసే రైతు సొంత మడిలో నారు పోసుకొనే బదులు నీడవల నర్సరీలో ప్రోట్రేలలో పెంచిన నారును కొనడం నేడు మామూలైంది. సంకర విత్తనం ఖరీదైనది. ఒక విడత నారు కుళ్ళినా, ముదిరిపోయినా నర్సరీదారు పెట్టుబడిని కోల్పోతాడు; నారు కోసం దుక్కి సిద్ధం చేసుకొని ఎదురుచూసే రైతు అదనునే కోల్పోతాడు. పెట్టుబడిని మరుసటి విడతలో రాబట్టుకోవచ్చు గాని, పోయిన అదను మళ్ళీ రాదు.

పలు నర్సరీలలో నీరు పెట్టడానికి గడియారమే ఆధారం: ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. 98 గుంతల ప్రోట్రేలో ఒక్కొక్క మొక్కకు దక్కే కోకోపిట్ గుప్పెడు కూడా ఉండదు. ఎండాకాలపు మధ్యాహ్నం అది కొద్ది గంటలలోనే ఆరిపోతుంది. ముసురు పట్టిన రోజున అదే నీరు మరునాటికీ నిలిచి నారుకుళ్ళు తెగులుకు దారితీస్తుంది. అందువలన మొక్క నుండి గాలి ఎంత నీటిని లాగుతున్నదో తెలిసి ఉండాలి. దానిని తెలిపే కొలతే బాష్పపీడన లోటు. ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి పట్టగల గరిష్ఠ ఆవిరి పీడనానికీ, ఆ సమయాన నిజంగా ఉన్న ఆవిరి పీడనానికీ మధ్య గల తేడాను కిలోపాస్కల్‌లలో చెపుతారు.

కేవలం తేమ శాతాన్ని చూసి నిర్ణయిస్తే పొరపాటు జరుగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 60 శాతం తేమ ఉంటే లోటు సుమారు 1.3 కిలోపాస్కల్‌లు. అదే 60 శాతం 35 డిగ్రీల వద్ద సుమారు 2.25. తేమ మాపకం రెండు వేళలా ఒకే అంకె చూపినా, రెండవ వేళ మొక్కపై ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతుంది. 38 డిగ్రీలు, 25 శాతం తేమ ఉన్న వేసవి మధ్యాహ్నం లోటు 5కు చేరుతుంది. పత్రరంధ్రాలు మూసుకొని పెరుగుదల నిలిచిపోతుంది. 22 డిగ్రీలు, 95 శాతం తేమ ఉన్న వానాకాలపు తెల్లవారుజామున అది 0.13 మాత్రమే, ఆకులు ఆరవు. లేత నారుకు సాధారణంగా 0.5 నుండి 1.0 వరకు అనుకూలమంటారు. మన వేసవిలో ఆ అంకెను పట్టుకొని వేలాడనవసరం లేదు. నడిమధ్యాహ్నం 2కు మించకుండా చూడగలిగినా నారు నిలదొక్కుకుంటుంది.

పరికరం ఖరీదు కన్నా దానిని అమర్చే తీరే ముఖ్యం. నేరుగా ఎండ తగిలే లాగర్ గాలి వేడిని కాక తన ఒంటి వేడినే చూపుతుంది. గాలి ఆడే తెల్లని పెట్టెలో, నారు ఎత్తున దానిని ఉంచాలి. పదిహేను నిమిషాలకు ఒక నమోదు సరిపోతుంది. తేమ మాపకాన్ని పరీక్షించడానికి ప్రయోగశాల అక్కరలేదు: ఉప్పును ముద్దగా తడిపి మూత గల డబ్బాలో ఉంచి, ఆ ముద్దకు తగలకుండా మాపకాన్ని లోపల పెట్టి, ఒక పూట తరువాత చూస్తే 75 శాతానికి దగ్గరగా చూపాలి. లాగర్ లేనివారు తడి గుడ్డ చుట్టిన ఉష్ణమాపకాన్నీ పొడి ఉష్ణమాపకాన్నీ పక్కపక్కన వేలాడదీసి పట్టిక చూసుకోవచ్చు.

రెండవ లాగర్‌ను వల వెలుపల ఉంచడం తప్పనిసరి. 2021లో తెలుగు రాష్ట్రాల మిరపను నల్ల తామర పురుగు దెబ్బతీసిన తరువాత సన్నని కన్నుల కీటక నిరోధక వలల వైపు దృష్టి మళ్ళింది. కన్ను సన్నబడే కొద్దీ గాలి రాకపోకలు తగ్గి లోపలి వేడి పెరుగుతుంది. పురుగును ఆపినందుకు వేడి రూపంలో ఎంత చెల్లిస్తున్నామో లోపలి, వెలుపలి అంకెల తేడాయే చెపుతుంది. తేడా ఎక్కువైతే వల మార్చే ముందు పక్క గోడల వైశాల్యాన్నీ పైకప్పు ఎత్తునూ పెంచి చూడాలి.

చల్లబరచడంలో ఈ ప్రాంతపు పొడి గాలి మనకు మేలే చేస్తుంది. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలిని 70 శాతం సామర్థ్యం గల తడి ప్యాడ్ గుండా పంపితే సుమారు 28 డిగ్రీలకు దిగుతుంది. 32 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న వానాకాలపు గాలి అదే ప్యాడ్‌లో మూడు డిగ్రీలే దిగుతుంది. అప్పుడు ప్యాడ్ కన్నా గాలి కదలికే మేలు. అయితే ఫ్యాన్ ప్యాడ్ గల మూసిన గృహంలో మధ్యాహ్నం కరెంటు పోతే కొద్దిసేపటిలోనే నారు వాడిపోతుంది. జనరేటర్ పెట్టుకోలేని చిన్న నర్సరీకి గాలి తనంతట ఆడే నీడవల, దానికి తోడు ఫాగర్లే క్షేమమని నా అభిప్రాయం. ఉప్పు నీటి బోరు ఉన్నచోట ఫాగర్ నాజిళ్ళు పూడుకుపోతాయి, ఆకులపై తెల్లని పొర కడుతుంది. నీటిని పరీక్ష చేయించిన తరువాతనే వాటిని కొనాలి.

లోటు 1.5 దాటినప్పుడు కొద్ది సెకన్ల తుంపర, 0.4కు దిగినప్పుడు నీరు పూర్తిగా ఆపివేయడం, సాయంత్రం నాలుగు తరువాత ఆకులు తడపకపోవడం: ఇంతటితో మొదలుపెట్టవచ్చు. ఈ హద్దులు ప్రతి నర్సరీకీ కొంత మారుతాయి. అందుకే లాగర్ అంకెల పక్కనే విత్తిన తేదీ, మొలక శాతం, కుళ్ళిన గుంతల సంఖ్య, రైతు తిరిగి తెచ్చిన ట్రేల లెక్క ఒకే పుస్తకంలో రాసుకోవాలి. రెండు మూడు విడతల పుస్తకాన్ని ఎదురుగా పెట్టుకొని, కుళ్ళు ఎక్కువైన వారానికి ముందు రాత్రులలో లోటు ఎన్ని గంటలు 0.2కు దిగువన ఉన్నదో లెక్కించి, ఆ తరువాతనే తన హద్దులను సవరించుకోవాలి.