రాజ్యసభ సీటు ఎలా పోతుంది? ముగ్గురైతే ఫిరాయింపు, నలుగురైతే విలీనం!

లోక్‌సభ ఎంపీకి పదవి ఐదేళ్లే. మధ్యలో సభ రద్దయితే ఆ ఐదేళ్లు కూడా ఉండవు. రాజ్యసభ అలా కాదు, అది ఎప్పుడూ రద్దు కాదు. ఒక్కో సభ్యుడికి ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది రిటైర్ అవుతారు. ఒకసారి లోపలికి వెళ్తే ఇక ఢోకా లేదనిపిస్తుంది కదా? కానీ ఆ సీటు మధ్యలోనే పోయే దారులు చాలా ఉన్నాయి. చివరి దారి దగ్గర లెక్క కాస్త తేడాగా ఉంటుంది. అందుకే మిగతావి చకచకా చూసేసి అక్కడ ఆగుదాం.

1. రాజీనామా: రాతపూర్వకంగా చైర్మన్‌కి, అంటే ఉపరాష్ట్రపతికి ఇవ్వాలి. ఆయన ఆమోదిస్తేనే సీటు ఖాళీ అవుతుంది. బెదిరించి రాయించుకున్న రాజీనామాలు చెల్లకుండా 1974లో 33వ రాజ్యాంగ సవరణ ఈ జాగ్రత్త పెట్టింది.

2. గైర్హాజరు: అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. మన 75 శాతం అటెండెన్స్ రూల్ లాంటిదే, కాకపోతే చాలా మెత్తనిది. సమావేశాలు లేని కాలం, సభ వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలం లెక్కలోకి రావు.

3. లాభదాయక పదవి: ప్రభుత్వం కింద ఇంకో లాభదాయక పదవిలో ఉండకూడదు. ఉత్తరప్రదేశ్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ అధ్యక్షురాలిగా ఉన్నందుకు 2006లో జయా బచ్చన్ సభ్యత్వం పోయింది. జీతం తీసుకున్నారా లేదా అన్నది కాదు, ఆ పదవికి జీతభత్యాలు ఉన్నాయా అన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ కేసుల్లో ఎన్నికల సంఘం అభిప్రాయం ప్రకారం రాష్ట్రపతి నిర్ణయిస్తారు.

4. జైలు శిక్ష: రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే అనర్హత. ఇదివరకు మూడు నెలల్లో అప్పీల్ చేసుకుంటే సీటు నిలిచేది. 2013లో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వెసులుబాటు కొట్టేసింది. దాంతో ముందుగా సీటు పోయింది రాజ్యసభ సభ్యుడు రషీద్ మసూద్‌కే.

5. బహిష్కరణ: సభే ఓటు వేసి తన సభ్యుణ్ణి పంపించేయవచ్చు. ఎమర్జెన్సీలో, 1976లో, సుబ్రమణ్యస్వామిని అలాగే పంపారు. డబ్బు తీసుకుని ప్రశ్నలు అడిగిన వ్యవహారంలో 2005లో ఇంకో రాజ్యసభ సభ్యుడు వెళ్లిపోయారు.

6. ఫిరాయింపు: అసలు కథ ఇది. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూల్ వచ్చింది. దాని ప్రకారం సభ్యుడు తనంతట తాను పార్టీని వదులుకున్నా, విప్‌కి వ్యతిరేకంగా ఓటు వేసినా సీటు పోతుంది. నిర్ణయం చైర్మన్‌ది.

ఇప్పుడు రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండిటిలోనూ చైర్మన్ ఒక్కరే, మన నెల్లూరు జిల్లా వెంకయ్యనాయుడు గారు.

2017లో నితీశ్ కుమార్ బీజేపీతో కలవడం జేడీయూ నేత శరద్ యాదవ్‌కి నచ్చలేదు. ఆయన పార్టీకి రాజీనామా ఇవ్వలేదు. కానీ పట్నాలో ప్రతిపక్షాల సభకు వెళ్లారు. ఆ నడవడికే పార్టీని వదులుకోవడమని తేల్చి, డిసెంబర్‌లో ఆయన్నీ, అలీ అన్వర్‌నీ అనర్హులుగా ప్రకటించారు. శరద్ యాదవ్‌కి ఇంకా నాలుగేళ్లకు పైగా పదవీకాలం మిగిలే ఉంది.

2019 జూన్‌లో రాజ్యసభలో తెలుగుదేశానికి ఆరుగురు సభ్యులు. వాళ్లలో సుజనా చౌదరి, సీఎం రమేష్, టీజీ వెంకటేష్, గరికపాటి మోహనరావు బీజేపీలో చేరారు. ఒక్కరి సీటు కూడా పోలేదు. ఎందుకంటే మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే చట్టం దాన్ని విలీనం అంటుంది. ఆరులో మూడింట రెండు వంతులంటే సరిగ్గా నాలుగు! ముగ్గురే వెళ్లుంటే ముగ్గురి సీట్లకీ ఎసరు వచ్చేది. నాలుగో మనిషి ఊ అనేసరికి నలుగురూ సేఫ్ అన్నమాట.

మొదట్లో మూడో వంతు మంది చీలిపోయినా రక్షణ ఉండేది. 2003లో 91వ సవరణ దాన్ని తీసేసింది కానీ విలీనాన్ని ఉంచింది. పదో షెడ్యూల్‌లో మాత్రం అసలు పార్టీ విలీనమైతే అనే ఉంటుంది. తెలుగుదేశం పార్టీ దేనిలోనూ కలవలేదు. 2024లో గెలిచి ప్రభుత్వంలోకి కూడా వచ్చింది. మరి 2019లో విలీనమైంది ఏంటి?

మూడో దారి కూడా ఉంది. 2024లో బీద మస్తాన్‌రావు, ఆర్.కృష్ణయ్య వైసీపీ నుంచి వచ్చిన సీట్లకు రాజీనామా చేశారు. డిసెంబర్ ఉప ఎన్నికల్లో ఒకరు టీడీపీ, ఒకరు బీజేపీ తరఫున మళ్లీ సభకు వెళ్లారు. పోటీ లేకుండానే గెలిచారు, నిజమే. అయినా సీటు వదిలి, ఎమ్మెల్యేల ముందుకు మళ్లీ వచ్చి తీసుకున్నారు.

రాజ్యసభకి మనం నేరుగా ఓటు వేయం, మన ఎమ్మెల్యేలు వేస్తారు. వాళ్లని ఎన్నుకునేది మనం. అంటే ఆ సీటులో మన ఓటు కూడా కొంచెం ఉంది. మనలో చాలామందికి ఈ మధ్యే ఓటు వచ్చింది కాబట్టి అడుగుతున్నా: ఒక్కడు చేస్తే తప్పయిన పని, నలుగురు కలిసి చేస్తే ఒప్పు ఎలా అవుతుంది?