దసరాకు పెట్టిన స్టెంటు

సూర్యారావుపేట, బెజవాడ.



పిత్తనాళమున పెట్టిన స్టెంటు మూసికొనిపోయినప్పుడు కడుపు కోయకుండ దాని నెట్లు చక్కజేయుదురో వ్రాయమని అడిగితివి. ఆ పనితనమునకు ముందు, అది ఏల మూసికొనునో నీ మనస్సున నాటుకొనవలయును. క్లోమమునందలి గడ్డయో, నాళమున చిక్కిన రాయియో అడ్డుపడి కామెర్లు క్రమ్మిన రోగికి మనము తరచుగా పెట్టు ప్లాస్టిక్ స్టెంటు వెలుపలి వ్యాసము 10 ఫ్రెంచి, అనగా 3.3 మిల్లీమీటర్లు మాత్రమే. ప్రేవునుండి ఎగబ్రాకిన సూక్ష్మజీవులు దాని లోగోడకు జిగటపొరయై అంటుకొని, పిత్తవర్ణకమును విడగొట్టి, అది కాల్షియముతో గూడి మడ్డిగా పేరుకొనుటచే ఇంచుమించు 3 నెలలకు త్రోవ పూడును. విచ్చుకొన్నప్పుడు 10 మిల్లీమీటర్ల వెడల్పుండు లోహపు స్టెంటు అంతకంటె చిరకాలము నిలుచును గాని, తొడుగులేని దాని వల సందులగుండ గడ్డ లోనికి పెరుగుట కలదు.

చలిజ్వరము, కన్నుల పచ్చదనము, కుడి డొక్కలో నొప్పి, 1877లో షార్కో పండితుడు చెప్పిన ఈ మూడును స్టెంటున్న రోగియందు కనబడినచో పసరు మందులతో ఒక్క దినమైనను జారవిడువనీయకుము. రక్తమును కల్చరుకు పంపి, సెలైనును యాంటీబయాటిక్కును ఆరంభించి, రక్తము గడ్డకట్టు తీరును సరిచూచి, ఎండోస్కోపుతో పిత్తనాళమును చక్కజేయు ఈఆర్‌సీపీ గదికి చేర్పుము. ప్రక్కచూపు గల ఎండోస్కోపును నోటిగుండ చిన్నప్రేవు మొదటిభాగమునకు దింపి, నాళద్వారమునుండి వ్రేలాడు స్టెంటు కొసను ఉచ్చుతో ఒడిసిపట్టి లాగునపుడు తెరపై నిదానించి చూడుము: మొదట నల్లని మడ్డియు, దాని వెంట చీము కలిసిన పిత్తమును పొంగివచ్చి, క్రమముగా అది తేటపడి బంగారు వన్నెకు తిరుగును. ఇరుకు మిక్కుటమైనచోట పాతదానిని తీయకమునుపే దాని ప్రక్కగా తీగను పైకి పోనిమ్ము. తీసినపిదప త్రోవ దొరకకపోవచ్చును. జ్వరము మండుచున్నవేళ ఎక్స్‌రేలో నాళము కనబడుటకిచ్చు రంగుమందును బలముగా ఎక్కింపకుము, ఆ ఒత్తిడికి సూక్ష్మజీవులు రక్తమున కలియును. ముందుగా పిత్తమును కొంత లాగివేయుము. తొడుగులేని లోహపు స్టెంటును ఊడదీయ బూనక, బెలూనుతో ఊడ్చి, దాని లోపలనే మరియొకటి నిలుపుదురు. నోటిమార్గము సాధ్యపడనిచో చర్మముగుండ కాలేయమున సూది పోనిచ్చి పిత్తమును వెలికి దీయుదురు.

1979 ప్రాంతమున హాంబర్గు నగరమందు నిబ్ సోహేంద్ర ఆరంభించిన ఈ ఎండోస్కోపు స్టెంటు విద్య, కర్నూలు వైద్యకళాశాలలో చదివిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారు హైదరాబాదున నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వంటి సంస్థలవలన తెలుగునాట వేళ్లూనినది. చేయి తిరుగుట నీకు కష్టము గాదు.

నన్ను కలతపెట్టునది వేరొకటి. అవనిగడ్డనుండియో కైకలూరునుండియో వచ్చిన రోగికి దురద పోయి, అన్నము సయించగనే, లోపల స్టెంటున్నదను సంగతియే మరపునకు వచ్చును. దసరాకు పెట్టినది సంక్రాంతికి మార్చవలసియుండగా, నడుమ వరికోతలు, కుప్పనూర్పులు వచ్చి ఆ తేది కాస్తా దాటిపోవును. వేసవిలో నీరు కట్టివేసినపుడు బందరు కాలువ పూడిక తీయుదురు గాని, గండిపడువరకు ఆగరు గదా! కావున, నాయనా, డిశ్చార్జి కాగితముమీద మార్పు తేదిని పెద్ద తెలుగక్షరములతో నీ చేతితోనే వ్రాసి, ఇంటిలో చదువు వచ్చినవారికి చదివి వినిపించి, వారి ఫోను నెంబరు నీ పుస్తకమున ఎక్కించుకొని, గడువునకు వారము ముందుగా నీవే పిలువుము.