తవ్వేవాళ్లను ఎంచుకోవడం ఎలా?

సందేహాలు – సమాధానాలు

ఇంటి వెనక స్థలంలో ఇంకో ఇల్లు కట్టుకోవడానికి కౌన్సిల్ అనుమతిచ్చింది. కానీ పునాది తీసేముందు పురావస్తు పరిశీలన చేయించాలని షరతు పెట్టింది. మూడు సంస్థలు కొటేషన్లు ఇచ్చాయి. ఒకరిది మిగతావాళ్లదాంట్లో సగమే. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, లెస్టర్, ఇంగ్లండు

ముందు ఆ కొటేషన్ ఏ పని దగ్గర ఆగిపోయిందో చూడండి. గుంట తవ్వి పూడ్చి వెళ్లేవరకే లెక్క వేసి ఉంటే, సగం పనికి సగం ధర చెప్పారన్నమాట. దొరికినవి కడగాలి, నిపుణులకు చూపించాలి, నివేదిక రాయాలి, రికార్డులన్నీ మ్యూజియానికి అప్పగించాలి. ఖర్చులో పెద్ద భాగం వీటికే అవుతుంది. నివేదిక అందేదాకా కౌన్సిల్ షరతు తీరిందని రాసివ్వదు కాబట్టి ఆ డబ్బు ఎలాగూ మీకు తప్పదు. కౌన్సిల్‌ది చాదస్తం అనుకోకండి, మూడో రిచర్డ్ రాజు అస్థికలు 2012లో బయటపడింది మీ ఊళ్లోనే, ఒక కారు పార్కింగ్ కింద!

ఇంగ్లండులో రక్షిత స్థలం కాకపోతే, యజమాని ఒప్పుకుంటే చాలు, ఎవరైనా తవ్వొచ్చు. లైసెన్సు అక్కర్లేదు. (పక్కనే ఉన్న ఉత్తర ఐర్లాండులో మాత్రం ప్రతి తవ్వకానికీ లైసెన్సు ఉండాల్సిందే.) 1990లో ప్రభుత్వం తెచ్చిన విధానంతో తవ్వకం ఖర్చు ఇల్లు కట్టుకునేవాళ్ల మీద పడింది, సంస్థల మధ్య ధరల పోటీ పెరిగింది. ఆ పోటీలో పనితనం దిగజారకుండా చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఆర్కియాలజిస్ట్స్ అర్హమైన సంస్థలను నమోదు చేసుకుంటుంది. నమోదు కావాలంటే పనికి జవాబుదారీగా ఉండే వ్యక్తి ఇన్‌స్టిట్యూట్‌లో పూర్తిస్థాయి సభ్యుడై ఉండాలి. సంస్థను తనిఖీ చేస్తారు, మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తారు. పని బాగోలేకపోతే ఫిర్యాదు చేసుకోవడానికీ దారి ఉంటుంది.

నమోదు స్వచ్ఛందమే కనుక జాబితాలో లేనివాళ్లంతా పనికిరానివాళ్లని అనను. నేనైతే ముగ్గురినీ ఒకటే అడుగుతాను: రెండు మూడేళ్ల కిందట ముగించిన పని తాలూకు నివేదిక ఒకటి చూపించమని. నసిగినవాళ్లను వదిలేయండి.

మన దేశంలో తవ్వకాలకు ఇలాంటి ప్రమాణాలు ఎవరు చూస్తారు?
– ఎం.ఏ. విద్యార్థి, గుంటూరు

మనది లైసెన్సుల దారి. 1958 నాటి చట్టం ప్రకారం కేంద్ర పురావస్తు శాఖ తానే తవ్వుతుంది, లేదా విశ్వవిద్యాలయాల వంటి వాటికి లైసెన్సు ఇస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం తవ్వాలన్నా కేంద్రం ముందుగా ఒప్పుకోవాలి. మొదలుపెట్టనివ్వడంలో ఉన్న పట్టుదల ముగింపజేయడంలో కనబడదు. మీకు దగ్గర్లోని నాగార్జునకొండనే తీసుకోండి. ఆనకట్ట వస్తోందని 1954 నుంచి 1960 దాకా లోయను పెద్ద ఎత్తున తవ్వారు. నివేదిక మొదటి సంపుటం 1975లో, రెండోది 2006లో వచ్చాయి. కొన్ని కట్టడాలను కొండ మీదికి తరలించారు గానీ లోయ నీట మునిగిపోయింది. ఏ పొరలో ఏముందో మళ్లీ వెళ్లి చూసుకునే వీలు లేదు, ఆనాటి నోటు పుస్తకాలు, డ్రాయింగులే దిక్కు. పాత తవ్వకం నివేదిక ఇవ్వనిదే కొత్త లైసెన్సు ఇవ్వకూడదని నా పట్టు. ప్రభుత్వ శాఖలకూ అదే వర్తించాలి.

తవ్వకంలో శిక్షణ అని తీసుకెళ్లి వారమంతా కుండ పెంకులు కడిగిస్తున్నారు. ఇదేం శిక్షణ?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

పక్కన కూర్చుని చెప్పేవాళ్లుంటే అది మంచి శిక్షణే. ఒక్కో సంచీ పెంకులకు ఒక్కో ట్రే పెట్టుకోండి. ట్రెంచ్, పొర, లోతు, తేదీ రాసిన చీటీ ఆ ట్రేలోనే ఉండాలి. మెత్తటి బ్రష్ వాడండి. విరిగిన అంచు దగ్గర మట్టి రంగు, అందులో కలిపిన ఇసుక కనిపిస్తాయి, అక్కడ గట్టిగా రుద్దొద్దు. లోపల నల్లగా అంటుకున్నది ఉంటే కడక్కుండా పక్కన పెట్టండి, ఆ కుండలో ఏం వండారో దాన్నిబట్టి తెలియొచ్చు. చీటీ లేని సంచీ వస్తే ముట్టుకోకుండా సూపర్‌వైజర్‌ను పిలవండి. ఇవేవీ చెప్పకుండా బకెట్ చేతికిచ్చి వెళ్లిపోయారంటే మిమ్మల్ని జీతంలేని కూలీగా వాడుకుంటున్నట్టే. శిక్షణలో ఏ వారం ఏం నేర్పుతారో కాగితం మీద రాసిమ్మని అడగండి.