కెమెరా కొనేముందు కాంతి లెక్క

నేడు ఫ్రీమాంట్‌లో భాగమైన నైల్స్‌లో 1915లో చార్లీ చాప్లిన్ ‘ద ట్రాంప్’ను చిత్రించిననాడు ఫిల్ముకు పెద్ద ఆధారం సూర్యకాంతి. ఆ ఊరి తెలుగు పిల్లలు కూచిపూడి ఆడేది మాత్రం మసక వెలుతురు సభామందిరాలలో. అరంగేట్రం మరల జరగదు. గుంటూరులో అమ్మమ్మ ఆ ఫొటో కోసమే ఎదురుచూస్తుంటుంది.

దుకాణంలో మొదట వినిపించేది మెగాపిక్సెళ్ల సంఖ్య. నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు గల ఫొటోకు అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేసినా 21.6 లక్షల పిక్సెళ్లు చాలును. ఆ గొప్ప అంతమాత్రమే.

అసలు గమనించవలసినవి సెన్సార్ వైశాల్యం, లెన్సు ద్వారం. వాకిట పెట్టిన చెంబులో కన్న వెడల్పాటి పళ్లెంలో ఎక్కువ వాన పడుతుంది కదా! ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ కొలత 36×24 మిల్లీమీటర్లు. అనేక జేబు కెమెరాలలోనిది సుమారు 6×4.5 మాత్రమే, అనగా వైశాల్యంలో ముప్పయ్యో వంతు. ఇక ద్వారం మాట: ఎఫ్ సంఖ్య తగ్గినకొద్దీ ద్వారం పెద్దదవుతుంది. ఎఫ్ 5.6 కన్న ఎఫ్ 2.8 నాలుగు రెట్ల కాంతిని లోనికి పంపుతుంది. అప్పుడు సెకనులో 60వ వంతుకు బదులు 250వ వంతులో ఫొటో తీయవచ్చు. ముద్ర పట్టిన వేళ్లు చెదరవు. కెమెరాకే అమర్చిన చిన్న ఫ్లాష్ వెనుక వరుసల నుండి వేదికను చేరదు.

పెద్ద సెన్సార్, పెద్ద లెన్సు బరువే, ఖరీదే. కనుక కొనేముందు ఎవరిదైనా ఎరువు తెచ్చి, రాత్రివేళ ఒక్క దీపపు వెలుగులో, ఆడుతున్న పిల్లను తీసి చూడాలి.