టికాల్ శిథిలనగరము

గ్వాటిమాలా దేశపు ఉత్తరభాగమున పెటెన్ అను మహారణ్యము కలదు. మాయాజాతివారి టికాల్ నగరము ఆ యడవినడుమ శిథిలమై యున్నది. చూడబోవువారు శిథిలముల చెంతనే యున్న వసతిగృహములలో రాత్రి గడుపుదురు. దోమతెరలో పరుండినవారికి తెల్లవారుజామున భయంకరమైన గర్జన వినబడును. క్రొత్తవారు పెద్దపులి యని బెదరుదురు. అది కేవలము కోతుల యరపు!

చీకటి విడకమునుపే మార్గదర్శి వెంట నడచి, కొయ్యమెట్లమీదుగా నాలుగవ దేవాలయము నెక్కుదురు. దాని యెత్తు దాదాపు 65 మీటర్లు. మంచు తొలగుకొలది చెట్లతలలపైన తక్కిన ఆలయశిఖరములు ఒక్కొక్కటిగా పొడసూపును. 682లో రాజ్యమునకు వచ్చిన జసావ్ చాన్ కవీల్ అను రాజు సమాధి మొదటి దేవాలయము క్రింద బయల్పడినది. ఇనుపపనిముట్లు లేక, బరువులు లాగు పశువులును లేక యీ జనులు కొండలవంటి కట్టడములను లేపిరి.

అంతకన్న వింతయైనది వారి నీటి యేర్పాటు. ఆ నగరమునకు నది లేదు. గచ్చు చేసిన ముంగిళ్లను ఏటవాలుగా తీర్చి వాననీటిని చెరువులలోనికి మరల్చిరి. ఒక చెరువున నీటిని వడగట్టుటకు జియోలైట్ అను ఖనిజమును వాడిన జాడలు కలవని 2020లో పరిశోధకులు ప్రకటించిరి. రాజప్రాసాదము చెంతనున్న చెరువులలోనో, పాదరసము కనబడినది! గోడలకును సమాధులకును పూసిన యెఱ్ఱని ఇంగిలీకము వానకు కొట్టుకొనివచ్చి అందు చేరెనని వారి తలంపు. వర్షములు తప్పిన యేండ్లలో రాజకుటుంబమునకు ఆ నీరే గతి. 869 తరువాత టికాల్ నందు కాలము చెక్కిన శిలాస్తంభమేదియు నిలుపబడలేదు. జనులు నగరమును విడిచి చెదరిపోయిరి. అడవి దానిని క్రమ్ముకొనినది. మాయాజాతి మాత్రము నశింపలేదు; వారి భాషలను గ్వాటిమాలాలో లక్షలకొలది జనులు నేటికిని మాటలాడుచున్నారు.