వడదెబ్బ అని కాగితం మీద పడాలి

2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వడగాలులకు 1,369 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. ఈ వారం చెప్పదలచుకున్నది ఆ లెక్కకు ఎక్కనివారి గురించి. తిరుపతిలో శేషాచలం కొండను ఆనుకున్న జీవకోనలోనో, చిత్తూరు శివారు కాలనీలోనో రేకుల ఇంట్లో ఉన్న కుటుంబానికి ఎండ పొద్దు గూకాక కూడా వదలదు. రేకుల సెగకు పగలంతా కాగిన గోడలు రాత్రికి చల్లారవు. అలాంటి ఇంట్లో పెద్దదిక్కు కన్నుమూస్తే 'గుండె ఆగిపోయింది' అనుకుని అంత్యక్రియలు చేసేస్తారు. వడదెబ్బ అన్న మాట ఏ కాగితం మీదా పడదు. పడకపోతే చట్టం ఎంత మంచిదైనా ఆ ఇంటికి పనికిరాదు.

అందుకే మొదటి సలహా ఆస్పత్రి గడప దగ్గర మొదలవుతుంది. మనిషి ఎండకు పడిపోయి మాట తడబడుతుంటే 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేలోగా నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి తగలనివ్వండి. ఆస్పత్రికి చేరగానే శరీర ఉష్ణోగ్రత కొలిచి కేస్ షీట్‌లో రాయమని అడగండి. ఎక్కడ పనిచేస్తూ, ఎన్ని గంటలకు పడిపోయాడో కూడా రాయించండి. వడదెబ్బకు పోస్టుమార్టంలో ప్రత్యేకమైన గుర్తు దొరకడం అరుదు. ఆ పూట రాసిన ఈ రెండు మూడు వాక్యాలే తర్వాత మీ పక్షాన నిలబడే సాక్ష్యం. కేస్ షీట్ నకలు కావాలని రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది.

ప్రాణం పోతే పోలీస్ స్టేషన్‌కు తెలియజేసి శవపంచనామా, పోస్టుమార్టం చేయించండి. పంచనామాకు ఆధారమైన పాత సీఆర్‌పీసీ 174 సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194. శవాన్ని కోయించడానికి మనసొప్పదని నాకు తెలుసు. అయినా చేయించమనే చెబుతాను, ఎందుకంటే వడదెబ్బ మరణాన్ని తేల్చేది తహసీల్దారు, ఎస్ఐ, వైద్యాధికారి కలిసిన త్రిసభ్య కమిటీ. వాళ్ల ముందు పెట్టడానికి కాగితాలు ఉండాలి.

పరిహారం సంగతి. విపత్తు సహాయ నిధి వాడుకోవడానికి కేంద్రం పెట్టుకున్న జాబితాలో తుపాను, కరవు, చలిగాలులు సహా 12 విపత్తులు ఉండేవి గానీ, ఏళ్ల తరబడి వడగాలికి చోటు దక్కలేదు. చలిని గుర్తించి ఎండను వదిలేయడం మన సీమకు జరిగిన అన్యాయమే. కేరళ 2019లో, తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించాయి. తెలంగాణలో మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయలు. మన రాష్ట్రం 2015లో లక్ష రూపాయలు ప్రకటించింది. ఇప్పుడు అమల్లో ఉన్న ఉత్తర్వు నకలు ఇమ్మని తహసీల్దారుకు అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి.

పని చేస్తూ పడిపోయినవారి దారి వేరు. అడ్డా మీద నుంచి మేస్త్రీ పిలుచుకెళ్లిన కూలీ స్లాబు మీద ఎండకు కూలిపోతే, పని వల్ల జరిగిన ప్రమాదంగా పరిహారం కోరవచ్చు. మేస్త్రీ చేతులెత్తేసినా, అతనికి పని అప్పగించిన బిల్డరు తప్పించుకోలేడు. దీనికి 1923 నాటి చట్టం ఉండేది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. క్లెయిమ్ రెండేళ్లలోపే వేయాలి. పనిచోట తాగునీరు పెట్టడం కూడా యజమాని దయ కాదు, బాధ్యత.

తోపుడుబండివాళ్లకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది. చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పండ్లు, కూరగాయల్లాంటి పాడయ్యే సరుకు పట్టుకెళితే జరిమానా కట్టగానే అదే రోజు తిరిగివ్వాలి.

ఇక నీడ, నీళ్లు, చల్లని కప్పు. ఇవి హక్కులా అని అడిగేవారికి సుప్రీంకోర్టు 2024 మార్చి 21న జవాబిచ్చింది. బట్టమేక పక్షి రక్షణకు సంబంధించిన కేసులో, వాతావరణ మార్పుల చేటు నుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కేనని చెప్పింది. తిరుమల మాడవీధుల్లో భక్తుల పాదాలు కాలకుండా టీటీడీ ఏటా కూల్ పెయింట్ వేయిస్తుంది. మంచి పని. అదే పూత కొండ కింద రేకుల ఇళ్ల మీద ఎందుకు పడకూడదు? పేదలకు కట్టే ఇళ్లకు చల్లని కప్పు ఉండాలని తెలంగాణ 2023లోనే విధానం తెచ్చింది. మన కార్పొరేషన్లనూ అడుగుదాం. వేసవి కార్యాచరణ ప్రణాళిక నకలు, ఏ వార్డులో ఎన్ని చలివేంద్రాలు, వాటికి ఎంత ఖర్చు అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక పీజీఆర్ఎస్‌లోనూ కాలనీవాసులంతా కలిసి అర్జీ ఇవ్వవచ్చు.

వకీలును పెట్టుకునే స్తోమత లేదని ఆగకండి. 15100కి ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సహాయం ఎలా పొందాలో చెబుతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, విపత్తు బాధితులకు ఆదాయ పరిమితి లేదు. వెళ్లేటప్పుడు కేస్ షీట్, పంచనామా, మరణ ధ్రువపత్రం నకళ్లు, అర్జీ రసీదు వెంట తీసుకెళ్లండి.