ప్రయాణంలో ఫలాహారం

పాఠ్యభాగ ఉద్దేశం

విహారయాత్రకు వెళ్ళినప్పుడు ఉదయపు ఆహారాన్ని ఎక్కడ తీసుకోవాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని ఆ నిర్ణయం మీద మన ఆరోగ్యం, సమయం, ధనం మూడూ ఆధారపడి ఉంటాయి. కృష్ణా డెల్టాలోని బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలను ఉదాహరణగా తీసుకొని, ఆలోచించి ఎంచుకొనే పద్ధతిని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఉదయం తీసుకొనే ఆహారానికి తెలుగులో పేర్లు అనేకం. అల్పాహారం, ఫలాహారం, చద్ది, టిఫిను అన్నవి వాటిలో కొన్ని. 'ఫలాహారం' అంటే పండ్లను ఆహారంగా తీసుకోవడం. ఉపవాస దినాలలో అన్నానికి బదులు తీసుకొనే తేలికపాటి ఆహారానికి ఈ పేరు వచ్చింది. వాడుకలో అది 'పలారం'గా మారి, చివరకు ఇడ్లీ, అట్టు వంటి వాటికి కూడా చెల్లింది. 'టిఫిను' ఆంగ్లేయుల పాలనాకాలంలో ఈ దేశంలోని ఇంగ్లీషులో పుట్టిన మాట. వారికది మధ్యాహ్నవేళ తీసుకొనే తేలిక భోజనం. మనమా మాటను ఉదయానికి జరుపుకొన్నాం. వీటన్నిటికంటె ముందు నుంచీ పల్లెల్లో ఉన్నది చద్దన్నం.

ఇంట్లో ఉన్నంతకాలం ఈ ఆహారం గురించి మనం ఆలోచించవలసిన పని ఉండదు. ఊరు దాటగానే ఆ భారం మనమీద పడుతుంది. వినోద ఉద్యానాలలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1955 జూలై 17న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో డిస్నీలాండ్ ప్రారంభమైంది. ఆ తరహా ఉద్యానాలు తరువాత ప్రపంచమంతటా వెలిశాయి. మనకు హైదరాబాదు సమీపంలో 1996లో ఏర్పడిన రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో తెరచిన వండర్‌లా ఉన్నాయి. ఇటువంటి చోట్ల టికెట్టు కొని లోపలికి వెళ్ళినవారికి బయటి అంగళ్ళు అందుబాటులో ఉండవు. బయటి ఆహారాన్ని లోపలికి అనుమతించకపోవడం కూడా సాధారణమే. అందువల్ల లోపల ఉన్న ధరే ధర, ఉన్న వరుసే వరుస. ఆకలితో లోపలికి వెళ్ళినవాడికి బేరమాడే శక్తి ఉండదు. 'ఎక్కడ తినాలి?' అన్న ప్రశ్నకు ద్వారం దాటకముందే సమాధానం చెప్పుకోవాలి.

గోడలూ ద్వారాలూ లేని చోట కూడా ఇదే పరిస్థితి ఏర్పడవచ్చు. మచిలీపట్నానికి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో మంగినపూడి సముద్రతీరం ఉన్నది. కార్తిక పూర్ణిమనాడు వేలాది జనం అక్కడ పుణ్యస్నానం చేస్తారు. వారిలో చాలామంది మార్గమధ్యంలో చిలకలపూడిలోని పాండురంగస్వామిని దర్శిస్తారు. భక్త నరసింహం 1929లో ఈ ఆలయాన్ని నెలకొల్పాడు. ఆ రోజు పట్నం దాటి తీరం చేరినవారికి దొరికేవి చాలావరకు తాత్కాలికమైన అంగళ్ళు, తోపుడు బండ్లు మాత్రమే. రద్దీలో వెనుకకు రావడమూ సులభం కాదు. ఆ పదకొండు కిలోమీటర్ల దారే అక్కడ ద్వారం వంటిది.

ఉదాహరణకు, గుడివాడనుంచి తెల్లవారుజామున బయలుదేరి బందరు చేరిన ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. నాయనమ్మకు మధుమేహం ఉన్నది. ఉదయం మాత్ర వేసుకొని వెంటనే ఏదైనా తినాలని వైద్యుడు చెప్పాడు. కాని సముద్రస్నానం కానిదే ఏమీ ముట్టకూడదని ఆమె నియమం. మనవడికి సముద్రం ఒడ్డునే తినాలని సరదా. మనవరాలు ఇంటర్మీడియట్ చదువుతున్నది.

"నాయనమ్మా, ఇక్కడే ఏదన్నా తిని వెళ్దాం."

"స్నానం కాకుండా ఎలా తింటానే తల్లీ? అక్కడికి వెళ్ళాక చూద్దాంలే."

"అక్కడికి ఎప్పటికి చేరతామో తెలియదు. మాత్ర వేసుకొని ఆకలితో ఉంటే వణుకు, చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయని డాక్టరుగారు చెప్పారు కదా. ఇంటి దగ్గర తలస్నానం చేసే బయలుదేరావు. ఉపవాసంలో కూడా పలారం చేస్తావుగా!"

నాయనమ్మ కొంతసేపు ఆలోచించింది. "సరే, నూనె లేనివి రెండు ఇడ్లీలు తెప్పించు. దేవుడు కూడా మనిషిని పడిపొమ్మనడు" అన్నది.

"మరి నేనో?" అన్నాడు తమ్ముడు.

"ఇక్కడ కొంచెం తిను. ఒడ్డున వేడివేడిగా కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనిస్తాను" అన్నది అక్క.

ఈ సంభాషణలో ఒక క్రమం ఉన్నది. మొదట పరిశీలించవలసింది మనుషులను. వృద్ధులు, పసివారు, వేళకు మందులు వాడేవారు ఎవరున్నారో గుర్తించి, వారి అవసరాన్నిబట్టి వేళను నిర్ణయించాలి. రెండవది ప్రయాణ సమయం. రద్దీ రోజులలో కొద్ది దూరానికి కూడా ఎంత సమయం పడుతుందో ముందుగా చెప్పలేం. కనుక తరువాతి మజిలీలో తిందామని వాయిదా వేయడం కొందరికి ప్రమాదకరం కావచ్చు. సరదాకు స్థానం లేదని దీని భావం కాదు. అవసరం తీరిన తరువాత దానికి చోటు కల్పించాలి.

మూడవది పరిశుభ్రత. ఇక్కడ మనం తరచుగా పొరబడతాం. పెద్ద నామఫలకం చూసి నమ్ముతాం, బండిని చూసి సందేహిస్తాం. ఇడ్లీ ఎలా తయారవుతుందో తెలిస్తే అసలు ఎక్కడ చూడాలో తెలుస్తుంది. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి రాత్రంతా ఉంచితే, లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టించే సూక్ష్మజీవుల వల్ల పిండి పులిసి పొంగుతుంది. దాన్ని ఆవిరిమీద ఉడికిస్తారు. ఆ వేడికి హానికరమైన సూక్ష్మజీవులు సాధారణంగా నశిస్తాయి. పొయ్యిమీదనుంచి అప్పుడే దించిన ఇడ్లీ, పెనంమీదనుంచి తీసిన పెసరట్టు ఎక్కడైనా చాలావరకు క్షేమకరమే. ప్రమాదం ఉన్నది వాటి పక్కన వడ్డించే వాటిలో. కొబ్బరి పచ్చడిని ఉడికించరు. అందులో పోసిన నీరు మంచిది కాకపోయినా, గంటల తరబడి నిలవ ఉన్నా అది చెడుతుంది. వండిన ఆహారాన్ని మామూలు గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచరాదని, వేడి పదార్థాలను 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. కనుక పచ్చడి ఎప్పటిది, పళ్ళాలు కడిగే నీరు ఎటువంటిది, తాగే నీరు ఎక్కడిది అన్నవే అడగదగిన ప్రశ్నలు.

నీటి సంగతి ఈ ప్రాంతంలో మరీ ముఖ్యం. సముద్రానికి చేరువలో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. కృష్ణ కాలువల నీటిని చెరువులలో నింపి, శుద్ధి చేసి తాగునీరుగా వాడుకొనే గ్రామాలు ఎన్నో ఉన్నాయి. తీరంలోని బండివాడికి నీరు దూరంనుంచి మోసుకురావలసిన వస్తువు. అతడు పొదుపుగా వాడటంలో ఆశ్చర్యం లేదు. ఆ తప్పును అతడి స్వభావానికి అంటగట్టడం న్యాయం కాదు. వీధి వర్తకుల జీవనోపాధిని రక్షించడానికి 2014లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసింది. ఎక్కువమంది తినే బండి దగ్గర సరుకు నిలవ ఉండదు, వాయి వెంట వాయి దిగుతుంది. మనం తాగునీరు వెంట తీసుకువెళ్ళి, కళ్ళముందు వండిన వేడి పదార్థాన్ని ఎంచుకొంటే మన ఆరోగ్యం, అతడి జీవనం రెండూ నిలుస్తాయి.

నాలుగవది ధర. కూర్చొనే ముందే ధరల పట్టిక చూడటం, పళ్ళేనికి ఎన్ని వస్తాయో అడగటం చిన్నతనం కాదు. తరువాత వాదించడంకంటె ముందుగా అడగటం మర్యాద.

దివిసీమకు వెళ్ళేవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. కోడూరు మండలంలోని హంసలదీవి దగ్గర కృష్ణానది సముద్రంలో కలుస్తుంది. అక్కడ వేణుగోపాలస్వామి ఆలయం ఉన్నది. మాఘ పూర్ణిమకు స్నానాలు చేసేవారు అధికం. అవనిగడ్డ దాటిన తరువాత ఆహారం దొరికే చోట్లు తగ్గిపోతాయి. ఇటువంటి ప్రయాణాలకు మన పెద్దలు చూపిన మార్గం పులిహోర మూట. చింతపండు పులుపు అన్నాన్ని త్వరగా చెడనివ్వదు. అందుకే అది దూరప్రయాణాలకు తోడయింది. తిన్న తరువాత విస్తళ్ళను, సంచులను తీరంలో వదలకుండా వెనుకకు తేవడం మన బాధ్యత.

చివరగా, మన పళ్ళెంలోని ఆహారం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడం మంచిది. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు, నేలలో పదును ఉండగానే మినుములు, పెసలు చల్లుతారు. వరి కోసిన తరువాత మిగిలిన ఆ తేమతోనే పైరు పెరుగుతుంది. ఇడ్లీలోని బియ్యం, మినుములు రెండూ ఒకే మడిలో ఒకదాని వెనుక ఒకటి పండుతాయన్నమాట. తిరుగు ప్రయాణంలో, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డు కొనుక్కోవచ్చు. శనగపిండి పూసను దంచి చేయడం వల్ల దీనికి తొక్కుడు లడ్డు అన్న పేరు కూడా ఉన్నది. నాయనమ్మకు మాత్రం అది చూసి ఆనందించవలసిన వస్తువే.

మనుషులు, సమయం, నీరు, ధర అన్న నాలుగింటిని ఈ వరుసలో ఆలోచించినవారికి, వినోద ఉద్యానమైనా సముద్రతీరమైనా, ఉదయం సుఖంగా గడుస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
నామఫలకం = పేరు రాసిన పలక
పదును = నేలలోని తగినంత తేమ
వాయి = ఒకసారి వండి దించినది
క్షేమకరం = మేలు కలిగించేది
పరిశీలించు = జాగ్రత్తగా చూచు

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ప్రయాణంలో ఆహారస్థలాన్ని ఎంచుకోవడానికి పాఠంలో చెప్పిన నాలుగు అంశాలను వివరించండి.
2. వినోద ఉద్యానానికి, పండుగనాటి సముద్రతీరానికి గల పోలికను తెలపండి.

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఇడ్లీకంటె పచ్చడి విషయంలో ఎక్కువ జాగ్రత్త ఎందుకు అవసరం?
2. నాయనమ్మ తన నియమాన్ని ఎందుకు సడలించుకొన్నది? ఆమె నిర్ణయం సమంజసమేనా?
3. తీరప్రాంతంలోని బండ్లవారికి నీరు ఎందుకు విలువైనది?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "దేవుడు కూడా మనిషిని పడిపొమ్మనడు."
2. "ఆ పదకొండు కిలోమీటర్ల దారే అక్కడ ద్వారం వంటిది."

ఈ) విడదీసి సంధి పేరు రాయండి.
అల్పాహారం, ఫలాహారం

ఉ) విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి.
సముద్రతీరం, పుణ్యస్నానం

ఊ) మీ ఊరి సమీపంలోని ఒక యాత్రాస్థలానికి వెళ్ళే కుటుంబానికి ఉదయపు ఆహారం గురించి సలహా ఇస్తూ లేఖ రాయండి.